శనగమడిలో ఏదుముల్లు

అనగనగా ఒక అడవి. అడవి దాటితే పొగాకు చేలు. ఆ రెంటికీ నడుమ, వాగు గట్టున, కాస్తంత నల్లరేగడి నేల. ఆ నేలలో తుర్రి అనే ఉడుత ఒక శనగమడి వేసుకుంది.

ఈ తుర్రి ఒక్కచోట నిలబడి ఎరగదు పిల్లలూ! గింజ కొరుకుతూనే కొమ్మ మారేది. కొమ్మ మారుతూనే ఇంకో గింజ గురించి ఆలోచించేది. ఎప్పుడైనా కాళ్ళు ఆగినా తోక ఆగేది కాదు. "దీని కాళ్ళలో చక్రాలున్నాయి" అని అడవంతా నవ్వేది.

నవ్వేవాళ్ళకేం? తుర్రి కష్టం తుర్రిది. మొగుణ్ణి డేగ ఎత్తుకుపోయింది. గూట్లో ముగ్గురు పిల్లలు. పెద్దది చారిక, నడిమివాడు తోకన్న, ఆఖరిది మినుకు. మినుకు తల చింతగింజంత ఉండేది. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతుందేమోనని తుర్రికి భయం. శనగలు పండితేనే ఎండాకాలం ఆ గూట్లో గింజ ఉంటుంది. పండకపోతే లేదు. మరి కాళ్ళు ఎలా ఆగుతాయి చెప్పండి?

శనగ చెట్టు సంగతి మీకొకటి చెప్పాలి. చలికాలంలో తెల్లవారుజామున దాని ఆకుల మీద మంచు పడుతుందా, ఆ మంచు పుల్లగా ఉంటుంది. పులుపు మంచుది కాదు, ఆకుది. తుర్రి పిల్లలకు ఆ పులుపంటే ప్రాణం. కళ్ళు తెరవగానే మడిలోకి ఉరికి ఆకులు నాకేవారు. మినుకు అయితే ఒక కన్ను మూసి, మూతి వంకర తిప్పి, "అబ్బా! పులుపు!" అంటూ మళ్ళీ ఇంకో ఆకు నాకేది. దాన్ని చూసి తుర్రికి నవ్వొచ్చేది. పొద్దంతా పరుగులు పెట్టే తుర్రి నవ్వేది ఆ కాసేపే.

పూత పోయి పిందెలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే పచ్చపురుగు దిగింది.

మొదటి రోజు నాలుగు కనబడ్డాయి. తుర్రి ఏరిపారేసింది. రెండో రోజు నలభై. అవీ ఏరింది. మూడో రోజు ఏ కాయ చూసినా బెజ్జమే. బెజ్జంలోంచి సగం బయటికొచ్చిన పురుగు, తల లోపల పెట్టి గింజ తింటోంది. తుర్రి ఈ చివర ఏరుకుంటూ వెళ్ళేసరికి ఆ చివర తినేస్తున్నాయి. ఆ చివరికి పరిగెత్తితే ఈ చివర!

"అయ్యో, నా ఎండాకాలమంతా వీటి కడుపుల్లోకి పోతోందే!" అని గుండెలు బాదుకుంటూ గుట్ట మీదికి పరిగెత్తింది.

గుట్ట మీద కొండవ్వ ఉండేది. కొండవ్వ ముసలి ఏదుపంది. ఒళ్ళంతా నలుపూ తెలుపూ ముళ్ళు. దానికీ ఒక శనగమడి ఉంది. తుర్రి వెళ్ళేసరికి కొండవ్వ ఆ మడిలో మోదుగాకు దొప్పలోకి ఏదో ఏరుకుంటోంది. తుర్రి తొంగి చూసింది. చచ్చిన పచ్చపురుగులు! శనగచెట్ల చిటారున తలకిందులుగా వేలాడుతున్నాయి. నల్లబడి, లోపలంతా నీరై, ముట్టుకుంటే పగిలేలా ఉన్నాయి. వాటినే అవ్వ జాగ్రత్తగా దొప్పలో వేసుకుంటోంది.

"ఛీ! ఇదేం పని అవ్వా?"

"మందు పని అమ్మీ," అంది కొండవ్వ. "ఇవి జబ్బు చేసి చచ్చాయి. వీటిని నూరి నీళ్ళలో కలిపి, పొద్దు వాలాక ఆకుల మీద చల్లుతాను. ఎండలో చల్లితే పనిచెయ్యదు. బతికున్న పురుగు ఆ ఆకు తింటుంది. దానికీ ఈ జబ్బే వస్తుంది. నాలుగైదు రోజుల్లో మేత మానేసి, చిటారుకెక్కి, ఇట్లాగే వేలాడుతుంది."

తుర్రి ముక్కు మూసుకుంది. "చచ్చిన పురుగుల రసమా? నా పిల్లలు నాకే ఆకు మీదా? పురుగుకొచ్చిన జబ్బు నా పిల్లలకు రాదని ఏముంది?"

"అడగాల్సిన మాటే అడిగావు. నేనూ మా అమ్మని అదే అడిగాను. ఆ జబ్బు ఈ పచ్చపురుగు కడుపులో తప్ప ఇంకెక్కడా పొయ్యి రాజేసుకోలేదు. పక్కనున్న మిడతకు రాదు. తేనెటీగకు రాదు. నీకూ నాకూ రాదు. మా అమ్మ చూసింది, నేను చూశాను. ఏళ్ళ తరబడి చూశాకే చల్లుతున్నాను. అయినా సరే..." అంటూ కొండవ్వ తన వీపు మీది ముల్లు ఒకటి పీకి చూపించింది. "చల్లిన రోజే మడి మధ్యలో ఈ ముల్లు గుచ్చుతాను. ముల్లు ఉన్నన్నాళ్ళు అక్కడ ఎవరూ మూతి పెట్టరు. ముల్లు తీశాక కూడా కడుక్కునే తింటారు. మంచి మందైనా మందు మందే కదా!"

"నాలుగైదు రోజులా?" తుర్రి చెవికి ఆ ఒక్క మాటే ఎక్కింది. "అన్నాళ్ళాగితే నా మడిలో పుల్లలు మిగుల్తాయి!"

"అందాకా చేత్తో ఏరదాం. నేనూ వస్తాను పద."

కొండవ్వ దొప్ప పక్కన పెట్టి లేచేసరికి తుర్రి అక్కడ లేదు. గుట్ట దిగిపోయింది.

ఇంటికొచ్చింది. వచ్చిందన్న మాటే గానీ, కాలు కాలిన పిల్లిలా చెట్టుకూ మడికీ మధ్య తిరుగుతూనే ఉంది. పొగాకు చేల వైపు నుంచి బొర్రన్న వచ్చాడు. బొర్రన్న ఒక పందికొక్కు. పొగాకు ఆరబెట్టే కొట్టం కింద అతని బొరియ. మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. తుర్రిని వదినా అని పిలిచేవాడు.

"ఏంటి వదినా, అట్లా గిరగిరా తిరుగుతున్నావ్?"

తుర్రి తన గోడు చెప్పుకుంది. బొర్రన్న పకపకా నవ్వాడు.

"ఓస్! ఇంతేనా? మా కొట్టంలో పొగాకు ఉండగా నీకెందుకు బెంగ? పొద్దున నీళ్ళలో నానెయ్యి, సాయంత్రం పిండి చల్లు. తెల్లారేసరికి ఒక్క పురుగుంటే నన్నడుగు!"

"తెల్లారేసరికా?"

"తెల్లారేసరికే!"

"మరి పిల్లలకేం కాదుగా?"

"ఆకే కదా వదినా! భూమిలో పుట్టిందేగా! నేను రోజూ ఆ ఆకుల మీదే పడుకుంటాను. నాకేమైంది?"

"ఎంత వెయ్యాలి?"

"ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది."

బొర్రన్న కొట్టంలోంచి పొగాకు మోసుకొచ్చి పెట్టాడు. ఆ వాసన తగలగానే తుర్రికి వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు గూట్లో నల్లులు పడితే నాయనమ్మ ఈ ఆకే తెచ్చేది. ఈ వాసనే వచ్చేది. అంతవరకే గుర్తుంది. అంతవరకే చాలనుకుంది. మా ఇంటి ఆకు, మా నాయనమ్మ చేతి ఆకు, ఇందులో చెడేముంటుంది అనుకుంది. చూస్తే రోత పుట్టేది విషమనీ, వాసన తెలిసినది మందనీ తుర్రి లెక్క. ఈ లెక్క తుర్రి ఒక్కదానిదేనని మురిసిపోకండి పిల్లలూ, పెద్దపెద్దవాళ్ళదీ ఇదే!

మర్నాడు పొద్దున నానేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. చాలదనిపించింది. ఇంకా ఆకు వేసింది. మధ్యాహ్నానికి నీళ్ళు నల్లబడ్డాయి. సాయంత్రం గడ్డి కుచ్చు ఒకటి ముంచి మడంతా చిలకరించింది. సగం చల్లేసరికి తల తిరిగింది. కాళ్ళు వణికాయి. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, అందుకేనేమో అనుకుంది. మిగతా సగం కూడా చల్లింది.

పిల్లల్ని పిలిచింది. "ఇదుగో, రేపు కాయలు ముట్టుకోకండి. తెలిసిందా?"

"సరేనమ్మా," అన్నారు ముగ్గురూ.

తెల్లవారకముందే తుర్రి లేచింది. మడిలో చూస్తే, చెట్ల కింద కుప్పలు కుప్పలుగా పురుగులు! ఒక్కటీ కదలడం లేదు. తుర్రి ఎగిరి గంతేసింది. ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే దాని ఒళ్ళు ఊరుకునేలా లేదు. చచ్చిన పురుగుల్ని ఆకులో మూటగట్టి గుట్ట మీదికి పరిగెత్తింది.

"అవ్వా! చూశావా? నువ్వు నాలుగు రోజులన్నావు. నాకు ఒక్క పూట పట్టింది!"

కొండవ్వ ఆకు మూట వాసన చూసింది. దాని ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి.

"పొగాకు! తుర్రీ, పిల్లలెక్కడ?"

"గూట్లో నిద్రపోతున్నారు. కాయలు ముట్టొద్దని గట్టిగా చెప్పాను."

"కాయల సంగతి సరే. మంచు?"

తుర్రి చేతిలోంచి మూట జారిపోయింది.

ఎలా పరిగెత్తిందో దానికే తెలియదు. ఎప్పుడూ పరిగెత్తే తుర్రికి ఆ రోజు దారి సాగలేదు. గుట్ట దిగుతున్నా దిగుతున్నట్టే లేదు. 'ఇంకా లేవలేదేమో, ఇంకా లేవలేదేమో' అనుకుంటూ పరిగెత్తింది.

లేచారు. చారిక మడి గట్టున కూర్చుని ఉంది, నోట్లోంచి చొంగ కారుతోంది. తోకన్న వంగి వాంతి చేసుకుంటున్నాడు. మినుకు శనగ చెట్టు కింద పక్కకు పడిపోయి ఉంది. దాని నాలుగు కాళ్ళూ వణుకుతున్నాయి.

"మినుకూ!" అని తుర్రి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. చిన్న గుండె టపటపా కొట్టుకుంటోంది.

"కాయ ముట్టుకోలేదమ్మా," అంది చారిక ఏడుస్తూ. "నువ్వొద్దన్నావుగా. మంచే నాకాం."

ఈ మాట విని తుర్రి ఘొల్లుమంది. పిల్లలు చెప్పిన మాట విన్నారు. చెప్పాల్సిన మాటే తాను చెప్పలేదు.

కొండవ్వ రొప్పుతూ వచ్చింది. "ఏడుపు తర్వాత. ముందు మడి దాటించు. వాగుకు తీసుకురా!"

ఒక్కొక్కర్నే వాగుకు మోశారు. నోళ్ళు పుక్కిలింపించారు. మూతులు, కాళ్ళు, ఒళ్ళు మళ్ళీ మళ్ళీ కడిగారు. తుర్రి ఒంటికీ పొగాకు నీళ్ళే అంటుకుని ఉన్నాయి. అది మళ్ళీ పిల్లల్ని ఒళ్ళోకి తీసుకునేముందు దాన్నీ కడిగించింది అవ్వ. తర్వాత గాలి ఆడే చోట, చెట్టు నీడన పడుకోబెట్టారు.

"ఇప్పుడేం చెయ్యను అవ్వా? ఏదైనా చెప్పు, తెస్తాను. ఎంత దూరమైనా వెళ్తాను."

"తేవడానికేం లేదు. పక్కనే ఉండి చూసుకోవడమే. ఆగాలి."

ఆగాలి! తుర్రికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? చెట్టెక్కింది, దిగింది. చారికను చూసింది, తోకన్నను చూసింది, మినుకు ముక్కు దగ్గర చెవి పెట్టింది. మళ్ళీ చెట్టెక్కింది.

సంగతి తెలిసి బొర్రన్న పరిగెత్తుకొచ్చాడు. పిల్లల్ని చూసి అతని మొహం వాడిపోయింది.

"నీకేం కాలేదన్నావుగా! వాటి మీదే పడుకుంటానన్నావుగా!" తుర్రి అరిచింది.

బొర్రన్న తల దించుకున్నాడు. "పడుకుంటాను వదినా. కానీ... ఏనాడూ నోట పెట్టుకోలేదు."

"నువ్వేం చెప్పినా చల్లింది నేనే," అని తుర్రి గొణిగింది. ఆనక కొండవ్వ వైపు తిరిగింది. "మా నాయనమ్మ కూడా ఈ ఆకే వాడేది అవ్వా. నాకు బాగా గుర్తు."

"వాడేది. నాకూ గుర్తే," అంది కొండవ్వ. "గూట్లో నల్లులకు వేసేది, తిండి మీద కాదు. వేసిన రోజే మీ అందర్నీ తీసుకుని మా గుట్టకు వచ్చేసేది. పాత గడ్డి అంతా తీసి పారేసి, కొత్త గడ్డి పరిచాకే మళ్ళీ ఆ గూట్లో అడుగు పెట్టనిచ్చేది. వారం పట్టేది. నువ్వప్పుడు పసిదానివి. నీకు వాసనే గుర్తుంది, వారం గుర్తులేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తుర్రికైతే ఆ ఆకులే చేతులు కాల్చాయి!

ఎండెక్కింది. చారిక లేచి కూర్చుంది. పొద్దు కాస్త వాలేసరికి తోకన్న నీళ్ళడిగాడు. మినుకు మాత్రం కళ్ళు తెరవలేదు. తుర్రి చెట్టెక్కడం మానేసింది. మినుకు పక్కన కూర్చుని దాని పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ ఉంది. ఒక్కోసారి కదలిక ఆగినట్టుండేది. అప్పుడు తుర్రి ఊపిరీ ఆగేది.

వాగు నీళ్ళ మీద ఎండ పసుపురంగుకు తిరిగిన వేళ, మినుకు ఒక కన్ను తెరిచింది.

"అమ్మా... ఆకలి. పుల్లపుల్లగా కావాలి."

తుర్రి ఏడ్చేసింది. బొర్రన్న కూడా ముక్కు తుడుచుకున్నాడు. కొండవ్వ గుట్టకు వెళ్ళి తన మడిలోంచి లేత శనగాకు తెచ్చింది. తుర్రి చేతిలో పెట్టింది.

తుర్రి ఆ ఆకును మినుకు నోటి దాకా తీసుకెళ్ళి ఆగింది. నల్లగా వేలాడుతున్న పురుగులు కళ్ళ ముందు కనబడ్డాయి. కానీ ఈసారి 'ఛీ' అనలేదు. అవ్వ ముఖంలోకి చూసి అడిగింది.

"కోపగించుకోకు అవ్వా. దీని మీద ఏం చల్లావు?"

"పురుగుల నీళ్ళే."

"ఎప్పుడు?"

"ఈ చెట్లకు చల్లి పదిరోజులు దాటింది. ముల్లు తీసి నాలుగు రోజులు."

"ఎవరు తిన్నారు?"

"ముందు నేను. తర్వాత నా మనవలు. ఏటా తింటున్నారు."

"కడిగావా?"

"అది నీకే వదిలేశాను," అని నవ్వింది కొండవ్వ.

తుర్రి వాగులో ఆ ఆకును మూడుసార్లు కడిగింది. కొసన చిన్న ముక్క తుంచి మినుకుకు పెట్టింది. మినుకు నమిలింది. మూతి వంకర తిప్పింది.

"పులుపు," అంది.

ఆ సాయంత్రమే కొండవ్వ తుర్రి మడిలో ముల్లు గుచ్చింది. ఆ ముల్లు ఆ ఏడు మళ్ళీ తియ్యలేదు. ఆ మడిలో పచ్చపురుగులే కాదు, పూల మీద వాలిన తేనెటీగలూ చచ్చిపడి ఉన్నాయి. పండిన గింజలను తుర్రి పిల్లలకు పెట్టలేదు, విత్తనానికి దాచింది. ఎండాకాలం గడవడం కష్టమే అయింది. కొండవ్వ తన శనగల్లో సగం పెట్టింది. బొర్రన్న ఎక్కడెక్కడి నుంచో వేరుశెనగలు మోసుకొచ్చాడు. ఇచ్చిన ప్రతిసారీ, "ఇవి నేను తిన్నాను వదినా, నోటితోనే తిన్నాను" అని మరీ మరీ చెప్పేవాడు.

మళ్ళీ చలికాలం వచ్చింది. మళ్ళీ శనగ పూసింది. మళ్ళీ పచ్చపురుగు దిగింది. తుర్రి పిల్లలతో కలిసి ఏరింది. కొండవ్వ మడిలో వేలాడే పురుగుల్ని తనే దొప్పలోకి ఏరుకొచ్చింది. ముక్కు మూసుకునే నూరింది లెండి, రోత ఒక్క ఏట పోతుందా! పొద్దు వాలాక, అవ్వ చెప్పినంతే, చెప్పినట్టే చల్లింది. మడి మధ్యలో ముల్లు గుచ్చింది.

మొదటి రోజు పురుగులు తింటూనే ఉన్నాయి. తుర్రి పళ్ళు కొరికింది. రెండో రోజూ తిన్నాయి. కాళ్ళు పొగాకు చేల వైపు లాగాయి. పోలేదు. కూర్చుని ఏరింది. మూడో రోజు పురుగులు మేత మందగించాయి. అయిదో రోజు పొద్దున చూస్తే చిటారు కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్నాయి. పూల మీద తేనెటీగలు మాత్రం జుమ్మంటూనే ఉన్నాయి.

ఇంకొన్నాళ్ళకు ఒక సాయంత్రం కొండవ్వ వచ్చి ముల్లు పీకింది. తుర్రి ఒక్క దూకు దూకి, "ముందు నేను రుచి చూస్తాను" అని ఆకు మీదికి వంగింది.

వెనకనుంచి ఎవరో తోక పట్టుకుని లాగారు. మినుకు!

"ఆగమ్మా," అంది మినుకు. "ఇంకా కడగలేదు."

తుర్రి ఆగింది. అందరూ వాగునుంచి నీళ్ళు తెచ్చి మడంతా కడిగారు. మర్నాడు తెల్లవారుజామున కొత్త మంచు పడింది. పులుపు ఎక్కడికీ పోలేదు, అది ఆకులోనే ఉంది. ముగ్గురు పిల్లలూ మూతులు వంకర తిప్పుకుంటూ నాకుతుంటే, తుర్రి మడి గట్టున కూర్చుని చూసింది. అందరి కడుపులూ నిండేదాకా అక్కణ్ణుంచి లేవలేదు. తోక మాత్రం ఆడుతూనే ఉంది.

నీతి: ఆకుతో చేసినా, పురుగులతో చేసినా మందు మందే. అది ఎక్కడ పుట్టిందని కాదు, ఎవరిని ఏం చేస్తుంది, ఎంత చల్లాలి, ఎన్నాళ్ళు ఆగాలి అని అడిగి తెలుసుకున్నాకే మన తిండి మీద చల్లాలి.